రెండు సంఖ్యలకు చుట్టరికం ఉందో లేదో తేల్చడం ఎలా?

ఒక సుద్దముక్క తీసుకోండి. కాగితం, పెన్ను అయినా ఫర్వాలేదు. రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే ఉమ్మడి కారణాంకం 1 కాక ఇంకేదైనా ఉందో లేదో తేల్చే లెక్క తర్వాత చేద్దాం, ముందు ముగ్గు వేద్దాం.

అడ్డంగా మూడు చుక్కలు పెట్టండి. వాటికి సరిగ్గా ఎదురుగా, పై వరుసలో ఇంకో మూడు. ఇవి సరి చుక్కలు కావాలి, సందు చుక్కలు పెడితే ఈ లెక్క పనిచేయదు. ఇప్పుడు మెలికల ముగ్గు మొదలు. కింద వరుసలో మొదటి చుక్క అడుగున గీత మొదలుపెట్టి కుడివైపు పైకి ఏటవాలుగా లాగండి. అది మొదటి, రెండో చుక్కల సందులోంచి దూరుతుంది, రెండో చుక్క నెత్తి మీదుగా పోతుంది, పై వరుసలో రెండో, మూడో చుక్కల సందు దాటి, మూడో చుక్క పైన తేలుతుంది. అక్కడితో ముగ్గు అంచు వచ్చింది. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ అంచుకు తగిలి మళ్ళినట్టు గీతను మళ్ళించి, ఆ చుక్కను చుట్టి మళ్ళీ ఏటవాలుగా కిందికి దించండి. ఇలా అంచు తగిలినప్పుడల్లా మళ్ళుతూ, చుక్కను ఎక్కడా తాకకుండా, మొదలుపెట్టిన చోటికి వచ్చేదాకా లాగండి.

మొత్తం పది మలుపులు వస్తే సరిగ్గా వేసినట్టే. ఆరు చుక్కలూ ఒకే గీతలో చుట్టుకుపోయి ఉంటాయి.

ఇప్పుడు వరుసకు నాలుగు చుక్కల చొప్పున రెండు వరుసలు పెట్టి అదే పని చేయండి. ఆరు మలుపులకే గీత ఇంటికొచ్చేస్తుంది. కానీ చుక్కల చుట్టూ గీత మూసుకోలేదు, ముగ్గు సగమే పడింది. మిగతా సగానికి చెయ్యెత్తి ఇంకో గీత మొదలుపెట్టాల్సిందే. మూడు–రెండుకు ఒక గీత చాలింది, నాలుగు–రెండుకు రెండు కావాల్సి వచ్చాయి. ఆరు–మూడు వేస్తే మూడు గీతలు, ఐదు–నాలుగు వేస్తే మళ్ళీ ఒకటే.

మా అమ్మకు గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండు సంఖ్యలనూ భాగించేవాటిలో అన్నిటికన్నా పెద్దది) అంటే ఏమిటో తెలీదు. కానీ ధనుర్మాసంలో మేము వాకిట్లో ఆరు చుక్కలు మూడు వరుసలు పెట్టబోతే, గడప దగ్గర నుంచే చూసి, “అది మూడు ముక్కలవుతుందే, అడ్డానికి ఒక చుక్క పెంచు” అనేది. ఏడు–మూడు చేస్తే నిజంగానే ఒకే గీతలో వచ్చేది. అమ్మ కంటితో చూసి చెప్పిన ఆ మాటే ఆరో తరగతి లెక్కల పుస్తకంలో ఉమ్మడి కారణాంకాల పాఠం. అడ్డం చుక్కల సంఖ్యకూ నిలువు చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, ముగ్గుకు అన్ని గీతలు కావాలి. అది 1 అయితే ఒకే గీత. అలాంటి జంటనే పరస్పర ప్రధాన సంఖ్యలు అంటాం.

ముందు ఆ పేరు పెట్టే తికమక వదిలించుకోండి

కొన్ని పుస్తకాల్లో సాపేక్ష ప్రధాన సంఖ్యలు అని ఉంటుంది, ఇంగ్లిష్ మీడియం పిల్లలు కో-ప్రైమ్ అంటారు. అన్నిటి అర్థం ఒకటే. రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించేది 1 తప్ప ఇంకేదీ లేకపోతే ఆ రెండూ పరస్పర ప్రధానాలు.

చిక్కల్లా ఆ పేరులో ఉన్న ‘ప్రధాన’ అనే మాటతోనే. 1 కన్నా పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించబడనిది ప్రధాన సంఖ్య. చిన్నప్పుడు పరీక్షలో “8, 9 పరస్పర ప్రధాన సంఖ్యలేనా?” అని అడిగితే, “కావు, ఎందుకంటే 8 ప్రధాన సంఖ్య కాదు, 9 కూడా కాదు” అని కారణంతో సహా రాసి వచ్చాను. ఎర్ర సిరాతో సున్నా వచ్చింది. ఇప్పుడు పిల్లలకు చెబుతుంటే అదే తప్పు అదే ధీమాతో చేస్తున్నారు, అందుకని వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు.

ఇలా గుర్తుపెట్టుకోండి. ఒక మనిషిని చూసి పొడుగో పొట్టో చెప్పొచ్చు. అదే మనిషిని చూసి “ఇతను బావమరిదా?” అని అడిగితే ఏం చెబుతాం? ఎవరికి అని ఎదురడుగుతాం. ప్రధాన సంఖ్య కావడం పొడుగు లాంటిది, ఆ సంఖ్య ఒక్కదాన్నీ చూస్తే తెలిసిపోతుంది. పరస్పర ప్రధానం కావడం వరస లాంటిది, రెండో సంఖ్య ఎవరో తెలియాలి. 15 పరస్పర ప్రధానమా అనే ప్రశ్నకు అర్థమే లేదు. 8తో అయితే అవును. 9తో అయితే కాదు, ఇద్దరి మధ్యా 3 ఉంది.

మొదటి మెట్టు: కారణాంకాలు జంటలుగా రాయండి

చిన్న సంఖ్యలకు ఇదే హాయి. చాలామంది 1, 2, 3 అంటూ వరసగా ప్రయత్నిస్తూ పోయి మధ్యలో ఒకటో రెండో వదిలేస్తారు. జంటలుగా రాస్తే ఆ భయం ఉండదు. 42 తీసుకోండి. 1×42, 2×21, 3×14, 6×7. ఆరు తర్వాత ఏడు, అది జంటలో అవతలి వైపు ఇప్పటికే ఉంది. ఎడమవైపు సంఖ్యలూ కుడివైపు సంఖ్యలూ ఇలా ఎదురుపడ్డ చోట ఆపేయండి, ఇక ముందుకెళ్ళినా కొత్తవి దొరకవు.

60కి చూస్తే 1×60, 2×30, 3×20, 4×15, 5×12, 6×10. రెండు జాబితాల్లోనూ ఉన్నవి 1, 2, 3, 6. ఇవే ఉమ్మడి కారణాంకాలు. వీటిలో పెద్దది 6, అదే గసాభా.

ఇక్కడ ఒక సంగతి గమనించండి, బళ్ళో దీన్ని ఎవరూ నొక్కి చెప్పరు. ఉమ్మడి కారణాంకాలన్నీ కలిపి చూస్తే అవి 6కి కారణాంకాలే, ఒకటి ఎక్కువా లేదు తక్కువా లేదు. అంటే గసాభా ఒక్కటి దొరికితే చాలు, మిగతా ఉమ్మడి కారణాంకాలు దాని కడుపులోంచి వచ్చేస్తాయి. కాబట్టి ప్రశ్నలో “అన్ని ఉమ్మడి కారణాంకాలు రాయండి” అని ఉన్నా రెండు పెద్ద జాబితాలు వేయక్కర్లేదు. గసాభా కనుక్కుని దానికి మాత్రం కారణాంకాలు రాయండి.

రెండో మెట్టు: చూపుతోనే తేలిపోయేవి తేల్చేయండి

రెండూ సరి సంఖ్యలైతే పరస్పర ప్రధానాలు కావు, 2 ఉమ్మడిగా ఉంది. రెండూ 0తోనో 5తోనో ముగిస్తే కావు. రెండింటి అంకెల మొత్తాలూ 3తో భాగించబడితే కావు. ఇవి ఒక్క క్షణం పని.

పక్కపక్క సంఖ్యలు ఎప్పుడూ పరస్పర ప్రధానాలే. 8, 9 అయినా, 2024, 2025 అయినా. పక్కపక్క బేసి సంఖ్యలు కూడా అంతే, 33, 35 లాగా. వాటిలో ఒక్కటీ ప్రధాన సంఖ్య కానక్కర్లేదు. ఒకటి ప్రధాన సంఖ్య అయి, రెండోది దాని ఎక్కంలో లేకపోతే అప్పుడూ పరస్పర ప్రధానాలే. 1 అందరితోనూ పరస్పర ప్రధానమే, దానికి ఎవరితోనూ పేచీ లేదు.

మూడో మెట్టు: తేడా తీయండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. 91, 119 చూడండి. రెండూ బేసి, 5తో ముగియవు, అంకెల మొత్తాలు 10, 11. చూపుకు రెండూ ప్రధాన సంఖ్యల్లాగే అమాయకంగా నిలబడతాయి. 91 చాలామందిని మోసం చేసింది, ఎందుకంటే పదమూడో ఎక్కం ఎవరికీ సరిగ్గా రాదు.

రెండింటి తేడా తీయండి. 119 – 91 = 28. ఇప్పుడు వెతకాల్సింది 28లో ఉన్న ప్రధాన సంఖ్యలను మాత్రమే, అంటే 2, 7. రెండూ బేసి కాబట్టి 2 కాదు. 7తో చూస్తే 91 = 7×13, 119 = 7×17. దొరికింది. గసాభా 7.

తేడాలోనే ఎందుకు వెతకాలి? రెండు బుట్టల్లో తమలపాకులు ఉన్నాయనుకోండి. రెండు బుట్టల్లో ఆకుల్నీ ఏడేసి ఆకుల కట్టలుగా ఒక్క ఆకూ మిగలకుండా కట్టగలిగాం. పెద్ద బుట్టలోంచి చిన్న బుట్టలో ఉన్నన్ని ఆకులు తీసేస్తే తీసినవీ నిండు కట్టలే, మిగిలినవీ నిండు కట్టలే. కాబట్టి రెండు సంఖ్యల్లో ఉమ్మడిగా ఉన్న ఏ కారణాంకమైనా వాటి తేడాలో ఉండి తీరాలి. తేడాలో లేనిది ఉమ్మడి కాలేదు.

పక్కపక్క సంఖ్యలు ఎందుకు పరస్పర ప్రధానాలో కూడా దీంతోనే తేలిపోతుంది. తేడా 1, అందులో 1 తప్ప ఇంకేముంటుంది?

ఇంకో జంట, 119, 143. తేడా 24. అందులో ఉన్నవి 2, 3. రెండు సంఖ్యలూ బేసి, అంకెల మొత్తాలు 11, 8. అయిపోయింది, పరస్పర ప్రధానాలు. 119ని గానీ 143ని గానీ విడదీయనే లేదు.

నాలుగో మెట్టు: పెద్ద సంఖ్యలైతే శేషాల వెంట దిగండి

తేడా ఒకసారి తీస్తే ఆగాల్సిన పనేముంది? మళ్ళీ తీయండి, మళ్ళీ మళ్ళీ తీయండి. పదేపదే తీసివేయడం కంటే భాగించి శేషం పట్టుకుంటే దారి దగ్గర. 391, 299 తీసుకుందాం.

391ని 299తో భాగిస్తే శేషం 92.
299ని 92తో భాగిస్తే శేషం 23.
92ని 23తో భాగిస్తే శేషం 0.

శేషం సున్నా వచ్చే ముందు మెట్టు మీద నిలబడ్డ 23 గసాభా. 391 = 17×23, 299 = 13×23. ఇరవై మూడో ఎక్కం గుర్తున్నవాళ్ళు తప్ప దీన్ని విడదీసి పట్టుకోవడం కష్టం. శేషాల పద్ధతికి ఏ ఎక్కమూ గుర్తుండక్కర్లేదు.

ఇప్పుడు 365, 27. సంవత్సరానికి రోజులు, మన నక్షత్రాలు. 365ని 27తో భాగిస్తే శేషం 14. 27ని 14తో భాగిస్తే 13. 14ని 13తో భాగిస్తే 1. శేషం 1 కనిపించిందంటే ఇంక భాగించక్కర్లేదు, పరస్పర ప్రధానాలని తేలిపోయింది.

గ్రీకు గణితవేత్త యూక్లిడ్ దాదాపు 2300 ఏళ్ళ కిందట రాసిన ‘ఎలిమెంట్స్’ ఏడో భాగంలో సిద్ధాంతాలు సరిగ్గా ఈ మాటతోనే మొదలవుతాయి. తీసివేస్తూ పోయి చివరికి 1 మిగిలితే ఆ రెండూ పరస్పర ప్రధానాలని మొదటి సిద్ధాంతం, మిగలకపోతే గసాభా ఎలా దొరుకుతుందో రెండో సిద్ధాంతం. మెట్లు మరీ ఎక్కువవుతాయేమోనన్న భయం వద్దు. రెండింటిలో చిన్న సంఖ్యకు ఎన్ని అంకెలున్నాయో చూడండి. భాగహారాలు దానికి ఐదు రెట్లు దాటవని 1844లో ఫ్రాన్స్‌కు చెందిన లామే నిరూపించాడు. మూడంకెల సంఖ్యకు మహా అయితే పదిహేను, మామూలుగా ఐదారులో తెమిలిపోతుంది.

ఇక్కడ ముగ్గు దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్దాం. గీతల సంఖ్య గసాభాకే ఎందుకు సరిపోవాలో ఇప్పుడు కళ్ళతో చూడొచ్చు. ఏడు అడ్డం, మూడు నిలువు చుక్కల ముగ్గులో కుడి చివరి మూడు–మూడు చదరాన్ని వేరుగా ఊహించుకోండి. ఎడమవైపు నుంచి ఒక గీత ఆ చదరంలోకి పైకి ఎక్కుతూ దూరింది. పై అంచుకు తగిలి కిందికి మళ్ళుతుంది, కుడి అంచుకు తగిలి ఎడమకు మళ్ళుతుంది, కింది అంచుకు తగిలి పైకి లేస్తుంది, చివరికి ఎక్కడ లోపలికి దూరిందో సరిగ్గా అక్కడి నుంచే బయటికి వస్తుంది, అదీ పైకి ఎక్కుతూనే. అంటే ఆ చదరం ఉన్నా ఒకటే, దాని స్థానంలో ఒక గోడ ఉన్నా ఒకటే. చదరాన్ని చెరిపేసి అక్కడ అంచు కట్టేసినా గీతల సంఖ్య మారదు.

కాబట్టి ఏడు–మూడు ముగ్గుకు ఎన్ని గీతలో నాలుగు–మూడుకూ అన్నే. అందులోంచి ఇంకో చదరం చెరిపితే ఒకటి–మూడు మిగులుతుంది, ఒంటి వరుస మూడు చుక్కలు, జడ అల్లినట్టు ఒకే గీత. ఆరు–మూడులో ఒక చదరం చెరిపితే మిగిలేది మూడు–మూడు చదరం, దానికి మూడు గీతలు. చదరం చెరపడమంటే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసివేయడమే కదా. యూక్లిడ్ పద్ధతి మొత్తం వాకిట్లోనే ఉంది.

పెద్ద పెద్ద సంఖ్యలతో రోజూ పని ఉంటే చేత్తో చేయక్కర్లేదు. ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో జీసీడీ అనే ఫార్ములా ఉంది. రెండు సంఖ్యలు ఇస్తే గసాభా చెబుతుంది, 1 వస్తే పరస్పర ప్రధానాలు.

ఐదో మెట్టు: దీన్ని పనిలో పెట్టండి

భిన్నాలు కొట్టివేయడంలో ఇది అందరికీ తెలిసిన ఉపయోగమే. 91/119 ఇస్తే ఏం కొట్టాలో తోచక పిల్లలు అలాగే వదిలేస్తారు. 7తో కొడితే 13/17. పైనా కిందా ఉన్నవి పరస్పర ప్రధానాలైతే ఇక కొట్టడానికి ఏమీ లేదు, అక్కడితో ఆపొచ్చు.

కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) కూడా చప్పున వచ్చేస్తుంది. పరస్పర ప్రధానాలైతే గుణించేయండి, 8, 15ల కసాగు 120. కాకపోతే గుణించి గసాభాతో భాగించండి. 42, 60లకు 2520ని 6తో భాగిస్తే 420.

ఇంతకన్నా జాగ్రత్త పడాల్సిన చోటు భాజనీయతా సూత్రాలు. ఒక సంఖ్య 12తో పోతుందో లేదో తెలియాలంటే 3తో, 4తో చూస్తే చాలని చెబుతారు. అయితే 12 = 2×6 కూడా కదా, 2తో, 6తో చూస్తే సరిపోదా? 18ని పట్టుకోండి. 2తో పోతుంది, 6తో పోతుంది, 12తో పోదు. 3, 4 పరస్పర ప్రధానాలు కాబట్టి రెండు పరీక్షలూ వేర్వేరు సంగతులు చెబుతాయి. 6తో పోయిందంటేనే 2తో పోయినట్టు, కాబట్టి 2 చేసిన పరీక్ష కొత్తగా చెప్పిందేమీ లేదు. ఇదే లెక్కన 72కు 8, 9 చూడాలి, 6, 12 కాదు. 45కు 5, 9 చూడాలి, 3, 15 కాదు.

ఇంట్లో టైల్స్ వేయిస్తుంటే ఇంకో రకంగా పనికొస్తుంది. గది పొడవు 12 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 10 అడుగులు అనుకుందాం. అంగుళాల్లోకి మారిస్తే 150, 120. గసాభా 30. ముక్క కోయకుండా పట్టే అన్నిటికన్నా పెద్ద చదరపు టైలు 30 అంగుళాలది, ఐదు వరుసలు నాలుగేసి చొప్పున ఇరవై పడతాయి. ఆ సైజు కొట్లో దొరక్కపోతే 30కి కారణాంకాలు చూడండి, 15 అంగుళాలదీ కోత లేకుండా పడుతుంది. సందుల్లో పట్టే సిమెంటును లెక్కలోకి తీసుకోలేదు, అది మేస్త్రీ చూసుకుంటాడు. ఇప్పుడు గోడ ఒక్క అంగుళం జరిగి వెడల్పు 121 అయిందనుకోండి. 150, 121 పరస్పర ప్రధానాలు. నిండు అంగుళాల కొలతలో కోత లేకుండా పట్టే టైలు ఒక్క అంగుళానిదే. ముగ్గులో పరస్పర ప్రధానం వస్తే సంతోషం, టైల్స్‌లో వస్తే మాత్రం కటింగ్ మిషన్ చప్పుడు వినక తప్పదు.

కొలతపాత్రల సంగతీ ఇలాంటిదే. 5 లీటర్ల క్యాను, 3 లీటర్ల క్యాను ఉంటే ఒక లీటరు కొలవగలరా? 3ది నింపి 5 దాంట్లో పోయండి. మళ్ళీ 3ది నింపి పోస్తే అవతల రెండే పడతాయి, 3 దాంట్లో ఒక లీటరు మిగులుతుంది. 6, 4 లీటర్ల క్యాన్లు ఇచ్చి ఒక లీటరు కొలవమంటే రోజంతా పోసినా కుదరదు. ఎంత అటూ ఇటూ ఒంపినా వచ్చేది సరి సంఖ్యే. మన పాత కొలతలు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని రెట్టింపులుగా ఉండేవి, కాబట్టి తవ్వ, మానిక మాత్రమే ఉంటే సోల కొలవడం కుదిరే పని కాదు. సోల ఇంట్లో వేరుగా ఉండాల్సిందే.

శేషాల నుంచి సంఖ్యను వెనక్కి లాగడం

ఇది కొంచెం పైమెట్టు, కానీ వదలబుద్ధి కావడం లేదు. ఆర్యభటుడు 499లో రచించిన ఆర్యభటీయంలో గణితపాదం చివరి రెండు శ్లోకాల్లో ఒక పద్ధతి ఉంది, తర్వాతివాళ్ళు దాన్ని కుట్టకం అన్నారు. మన కుట్టుపనికీ దీనికీ సంబంధం లేదు. సంస్కృతంలో ఆ మాటకు దంచడం అని అర్థం. పెద్ద సంఖ్యల్ని శేషాలు తీస్తూ తీస్తూ నూకలయ్యేదాకా దంచుతారు, పైన నాలుగో మెట్టులో మనం చేసిందే. 629లో మొదటి భాస్కరుడు దానికి వ్యాఖ్య రాస్తూ ఒక లెక్క ఇచ్చాడు. 8తో భాగిస్తే 5, 9తో భాగిస్తే 4, 7తో భాగిస్తే 1 శేషం వచ్చే సంఖ్య ఏది?

పద్ధతి ప్రకారం దంచకపోయినా చిన్న సంఖ్యలు కాబట్టి ఇలా చేసుకోవచ్చు. 8తో 5 మిగిలేవి 5, 13, 21 అలా పోతాయి. వాటిలో 9తో 4 మిగిలేది 13. ఇక 13 నుంచి 72 చొప్పున దూకండి, ఎందుకంటే 8, 9 పరస్పర ప్రధానాలు, 72కు ఒకసారి రెండు శేషాలూ తిరిగి కలుస్తాయి. 13ని 7తో భాగిస్తే 6 మిగిలింది, కాదు. 85ని భాగిస్తే 1. దొరికింది.

8, 9, 7లలో ఏ జంట తీసుకున్నా పరస్పర ప్రధానమే. అందుకే శేషాలు ఏవి అడిగినా జవాబు ఉండి తీరుతుంది, 504 లోపు ఒక్కటే ఉంటుంది. అదే 8తో 5, 6తో 4 మిగలాలని అడగండి. మొదటి షరతు బేసి సంఖ్య కావాలంటుంది, రెండోది సరి సంఖ్య కావాలంటుంది. జవాబే లేదు. 8కీ 6కీ మధ్య ఉన్న 2 చేసిన పని అది.

మూడు సంఖ్యలతో పని పడినప్పుడు ఒక గోతిలో పడకండి. 6, 10, 15 చూడండి. మూడింటికీ కలిపి ఉమ్మడి కారణాంకం 1 మాత్రమే. కానీ 6, 10కి 2 ఉంది, 10, 15కి 5 ఉంది, 6, 15కి 3 ఉంది. ముగ్గురికీ కలిపి ఉమ్మడి చుట్టం లేడు, అయినా ఏ ఇద్దరూ పరాయివాళ్ళు కారు. పైన భాస్కరుడి లెక్కలాంటి వాటికి జంటజంటగా విడివిడిగా చూడాలి, మూడింటి గసాభా 1 వచ్చిందని సంబరపడకూడదు.

ప్రకృతిలో ఒక ఉదాహరణ, ఒక పందెం

అమెరికాలో కొన్ని జాతుల సికాడా పురుగులు నేల లోపల 13 ఏళ్ళు, మరికొన్ని 17 ఏళ్ళు ఉండి ఒక్కసారిగా గుంపులుగా పైకి వస్తాయి. 13, 17 పరస్పర ప్రధానాలు, కాబట్టి ఒక 13 ఏళ్ళ గుంపు, ఒక 17 ఏళ్ళ గుంపు కలిసి వచ్చే ఏడు మళ్ళీ రావాలంటే 221 ఏళ్ళు పడుతుంది. అలాంటి రెండు గుంపులు 2024లో కలిశాయి. అంతకుముందు అవి కలిసింది 1803లో. అవే 12, 18 ఏళ్ళవైతే ప్రతి 36 ఏళ్ళకూ కలుసుకునేవి.

పందెం ఇది. మీ స్నేహితుణ్ణి రెండు సంఖ్యలు అనుకోమనండి, ఎంత పెద్దవైనా సరే. అవి పరస్పర ప్రధానాలని మీరు పందెం కాయండి. సంఖ్యలు ఎలా పడితే అలా ఎంచితే నూటికి దాదాపు 61 సార్లు మీరే గెలుస్తారు. కచ్చితమైన విలువ 6ని π (పై) వర్గంతో భాగిస్తే వచ్చేది. వృత్తానికి సంబంధించిన పై ఇక్కడికెందుకొచ్చిందో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. అవతలివాడు తెలివైనవాడై రెండూ సరి సంఖ్యలే చెబితే మాత్రం నన్ను అనొద్దు.

చేయి తిరగడానికి

57, 76 చూడండి. తేడా 19, రెండింటిలోనూ 19 ఉంది. 221, 323 తేడా 102, అంటే 2, 3, 17. మొదటి రెండూ పనికిరావు, 17 రెండింటినీ భాగిస్తుంది. 143, 210 తేడా 67, అది ప్రధాన సంఖ్య, 143ని భాగించదు, కాబట్టి పరస్పర ప్రధానాలు. రెండూ విడిగా చూస్తే ప్రధాన సంఖ్యలు కావని మళ్ళీ గుర్తు చేయక్కర్లేదనుకుంటా.

చివరిగా ఒక ముగ్గు. పన్నెండు అడ్డం, తొమ్మిది నిలువు చుక్కలు పెట్టండి. మూడు గీతలు కావాలి. ఒక్క చుక్క అటూ ఇటూ మార్చి ఒకే గీతలో తేవాలి. అడ్డం పదమూడు చేసినా, పదకొండు చేసినా ఒకే గీత వస్తుంది. నిలువు మార్చబోతే పదికి రెండు గీతలు, ఎనిమిదికి ఏకంగా నాలుగు. ఒక చుక్క పెంచమని ఊరుకోకుండా, అమ్మ ‘అడ్డానికి’ అని ఎందుకనేదో నాకు ఇది వేసి చూశాకే అర్థమైంది. ఆ ఆరు–మూడు ముగ్గుకు నిలువు పెంచి ఉంటే ఆరు–నాలుగు అయ్యేది, రెండు ముక్కలే వచ్చేది.